కోచ్‌ని తీసేస్తే గెలుస్తామా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోడు వెళ్లబోసుకున్నాయి: జట్టు ఓడుతూనే ఉంది, ఈ కోచ్‌నీ ఈ మేనేజ్‌మెంట్‌నీ ఇంకెన్నాళ్లు భరించాలి? బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ బాధ రెండింతలు. ఉంటున్న ఊరి ఆర్‌సీబీ (క్రికెట్), బెంగళూరు ఎఫ్‌సీ (ఫుట్‌బాల్), బుల్స్ (కబడ్డీ) ఒకవైపు. పుట్టిన నేల సన్‌రైజర్స్ (క్రికెట్), తెలుగు టైటాన్స్ (కబడ్డీ) ఇంకోవైపు. అందరికీ పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులిస్తున్నాం.

బెంగళూరు ఎఫ్‌సీ 2021లో మూడు మ్యాచ్‌లు వరసగా ఓడిందని కోచ్ కార్లెస్ క్వాడ్రాట్‌ని ఇంటికి పంపింది. ఐపీఎల్ జట్లు ఏడు ఓడినా కోచ్ జోలికి పోవు. ఎందుకని? (ఒక పాఠకుడు, మారతహళ్లి)

తేడా అంతా క్యాలెండర్‌లో ఉందండీ. బెంగళూరు ఎఫ్‌సీ ఆడే ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ నెలల తరబడి సాగుతుంది. రెండు మ్యాచ్‌ల మధ్య చాలాసార్లు వారం దొరుకుతుంది. కొత్తగా వచ్చిన కోచ్ డిఫెన్స్ లైన్ ఎక్కడ నిలబడాలో, బంతి పోగానే ఎవరు మీద పడాలో నేర్పడానికి నాలుగైదు ప్రాక్టీసులు చాలు. ఐపీఎల్‌లో రెండు నెలల్లో 14 లీగ్ మ్యాచ్‌లు. మధ్యలో దొరికే రోజుల్లో ఒకటి విమానానికి పోతుంది, ఒకటి విశ్రాంతికి పోతుంది, మిగిలితే ఒక నెట్ సెషన్. కొత్త కోచ్ వచ్చినా అదే పాతికమంది, అవే ఒళ్లు నొప్పులు.

మీరు చెప్పిన క్వాడ్రాట్ ఉదాహరణనే చూడండి. 2018-19లో ఐఎస్ఎల్ కప్పు గెలిపించిన కోచ్ ఆయన. 2021 జనవరిలో తప్పించి నౌషాద్ మూసాకి తాత్కాలికంగా అప్పగించారు. జట్టు ఏడో స్థానంలో ఆగింది. 2023 డిసెంబర్‌లో సైమన్ గ్రేసన్ స్థానంలో జెరార్డ్ సరగోసా వచ్చాడు. ఆ సీజన్ పదో స్థానమే. కానీ మరుసటి సీజన్‌కి ముందు పూర్తి శిబిరం దొరికాక అదే సరగోసా జట్టును ఫైనల్‌కి తీసుకెళ్లాడు. మోహన్ బగాన్ చేతిలో 2-1తో, అదీ అదనపు సమయంలో ఓడారు.

సీజన్ మధ్యలో మార్పు వెంటనే ఫలించిన సందర్భమూ ఉంది. 2019-20 ఐఎస్ఎల్‌లో చెన్నై జట్టు చెన్నైయిన్‌కి కోచ్ జాన్ గ్రెగరీ వెళ్లిపోయి ఓవెన్ కోయిల్ వచ్చాడు. పట్టికలో కింది వరసలో ఉన్న జట్టు ఫైనల్ ఆడింది. అక్కడ గమనించాల్సింది ఒకటుంది: ఆ సీజన్ 15 గోల్స్ కొట్టిన వాల్స్‌కిస్ అప్పటికే జట్టులో ఉన్నాడు. సరుకు చేతిలో ఉండి వాడుకోవడం రానప్పుడు కోచ్‌ని మార్చితే ఫలితం ఉంటుంది. సరుకే లేనప్పుడు ఎవరొచ్చినా ఒకటే.

ఐపీఎల్‌లో ఆ కోపానికి బలయ్యేది ఎక్కువగా కెప్టెనే. 2021లో సన్‌రైజర్స్ వార్నర్‌ని దించి విలియమ్సన్‌కి ఇచ్చింది, అయినా చివరి స్థానమే. 2022లో చెన్నై జడేజా దగ్గర్నుంచి పగ్గాలు మళ్లీ ధోనీకి ఇచ్చింది, తొమ్మిదో స్థానం. మన ఆర్‌సీబీ అయితే 2008 తొలి సీజన్‌లోనే మధ్యలో సీఈఓ చారు శర్మని తప్పించింది. ఎనిమిది జట్లలో ఏడో స్థానం దక్కింది.

అసలు ఏ నిర్ణయం ఎవరిది? తిట్టాలన్నా ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు. (ఒక పాఠకురాలు, కేఆర్ పురం)

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు కాకుండా ఉండాలంటే ఇది తెలియాల్సిందే. ఆటగాళ్లను కొనేది వేలంలో. ఆ బల్ల దగ్గర కూర్చునేది డైరెక్టర్ ఆఫ్ క్రికెట్, హెడ్ కోచ్, అనలిస్టు, స్కౌట్లు, యాజమాన్యం మనుషులు. తుది జట్టు కోచ్, కెప్టెన్ కలిసి ఎంచుకుంటారు. టాస్ వేళ 11 మందితోపాటు ఐదుగురు ప్రత్యామ్నాయాల పేర్లు ఇస్తారు, అందులో ఒకరే మ్యాచ్‌లో ఇంకొకరి బదులు ఇంపాక్ట్ ప్లేయర్‌గా దిగొచ్చు. మైదానంలో ఎవరు ఎప్పుడు బౌలింగ్ వేయాలన్నది కెప్టెన్ ఇష్టం. కోచ్ ఒప్పందం పొడిగించాలా వద్దా అన్నది యజమానుల చేతిలో ఉంటుంది. పిచ్ తయారీ బోర్డు క్యూరేటర్ల పని. మనకు నచ్చినట్టు చేసిపెట్టమని ఆదేశించే హక్కు ఫ్రాంచైజీకి లేదు.

ఇప్పుడు ఆర్‌సీబీ 2024ని ఈ లెక్కలో పెట్టి చూడండి. హాజిల్‌వుడ్, హర్షల్ పటేల్, హసరంగ ముగ్గురినీ వదిలేశారు. కామెరాన్ గ్రీన్‌ని 17.50 కోట్లకు ముంబై నుంచి తెచ్చుకున్నారు, అల్జారీ జోసెఫ్‌ని 11.50 కోట్లకు కొన్నారు. జోసెఫ్ మూడు మ్యాచ్‌లకే పక్కకి వెళ్లాడు. మొదటి ఎనిమిదింటిలో ఏడు ఓటములు. ఏప్రిల్ 15న చిన్నస్వామిలో సన్‌రైజర్స్ 287 కొట్టిన రోజు తుది జట్టులో అసలైన స్పిన్నర్ ఒక్కడూ లేడు. నలుగురు పేసర్లూ తలా 50కి పైగా ఇచ్చుకున్నారు. కొనుగోళ్లది వేలం బల్ల తప్పు, స్పిన్నర్ లేకుండా దిగడం కోచ్, కెప్టెన్‌ల తప్పు. రెండూ వేరు.

కోచ్‌ల తప్పు సీజన్ మధ్యలోనే దిద్దుకోవచ్చు, దిద్దుకున్నారు కూడా. పదిరోజుల తర్వాత హైదరాబాద్‌లో అదే సన్‌రైజర్స్ మీద కర్ణ్ శర్మ, స్వప్నిల్ సింగ్ ఇద్దరినీ ఆడించారు. స్వప్నిల్ తన తొలి ఓవర్‌లోనే మార్‌క్రమ్‌ని, క్లాసెన్‌ని అవుట్ చేశాడు. 35 పరుగుల గెలుపు. అక్కడి నుంచి వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్ చేరారు. ఏడు ఓడినప్పుడూ ఆరు గెలిచినప్పుడూ కోచ్ ఆండీ ఫ్లవరే.

వేలం తప్పు దిద్దడానికి మాత్రం మళ్లీ వేలం రావాలి. 2024 నవంబర్‌లో జెడ్డాలో అది జరిగింది. అట్టిపెట్టుకున్న కోహ్లి 21, పటీదార్ 11, దయాల్ 5 కోట్లు పోను 120 కోట్లలో మిగిలింది 83. అందులో హాజిల్‌వుడ్‌కి 12.50, భువనేశ్వర్‌కి 10.75, రసిఖ్ దార్‌కి 6, కృనాల్‌కి 5.75, సుయాశ్‌కి 2.60 పెట్టారు. బంతి పట్టే ఈ ఐదుగురి మీదే 37.60 కోట్లు. కేఎల్ రాహుల్‌ని కొనలేదని, సిరాజ్‌ని వదిలేశారని, విల్ జాక్స్‌ని తిరిగి తీసుకోలేదని ఆ రెండు రోజులూ అభిమానులు మండిపడ్డారు. 2025 జూన్ 3న ఫైనల్‌లో కృనాల్ నాలుగు ఓవర్లలో 17 పరుగులిచ్చి రెండు వికెట్లు తీశాడు, ఆరు పరుగుల తేడాతో కప్పు వచ్చింది. ఆ వేలాన్ని మేం ఆర్‌సీబీ చరిత్రలోనే ఉత్తమమైనదని నిస్సంకోచంగా చెబుతాం.

ఆడలేనివాణ్ణి పంపేసి సీజన్ మధ్యలో కొత్తవాణ్ణి కొనొచ్చు కదా? (ఒక విద్యార్థి, ఎలక్ట్రానిక్ సిటీ)

ఫామ్ బాగోలేదని కుదరదు. గాయం, అనారోగ్యం లాంటి కారణంతో సీజన్ మొత్తానికి దూరమైతేనే మరొకరిని తెచ్చుకోవచ్చు. 2025లో ఈ గడువు జట్టు ఆడే 12వ లీగ్ మ్యాచ్ వరకు ఉండేది. కొత్తవాడికి ఇచ్చే మొత్తం, వెళ్లిన ఆటగాడి ధరను మించకూడదు. చెన్నై అలాగే 2.20 కోట్ల గుర్జప్‌నీత్ గాయపడితే అదే 2.20 కోట్లకు బ్రెవిస్‌ని తెచ్చింది. అంటే 30 లక్షల బౌలర్‌కి దెబ్బ తగిలితే కోట్ల రూపాయల స్టార్ రాడు. విదేశీయుల పరిమితి మామూలే: జట్టులో ఎనిమిది, మైదానంలో నలుగురు.

వరస ఓటములు కోచ్ లోపమా, దురదృష్టమా? ఇంట్లో కూర్చుని తేల్చే దారి ఉందా? (ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్)

ఉంది. ఒక నోటు పుస్తకం చాలు. ఓడిన ప్రతి మ్యాచ్‌కీ మూడు గడులు గీయండి: 1-6 ఓవర్లు, 7-15, 16-20. మన పరుగులు, వికెట్లు ఒక వరసలో, ఎదుటివాళ్లవి కింద రాయండి. ఏ గడిలో మ్యాచ్ చేజారిందో గుండ్రంగా చుట్టండి. పక్కన టాస్, జారవిడిచిన క్యాచ్‌లు వేయండి. ఐదు ఓటముల్లో నాలుగుసార్లు అదే గడికి చుట్టు పడితే అది జట్టు కూర్పు లోపం, సిబ్బందిని నిలదీయొచ్చు. చుట్టు ఒక్కోసారి ఒక్కోచోట పడుతూ, తేడా పది పరుగుల లోపే ఉంటుంటే ఇంకొంచెం ఆగండి.

రెండో కొలత నెట్ రన్‌రేట్. మనం ఓవర్‌కి కొట్టిన సగటులోంచి ఇచ్చిన సగటు తీసేయాలి. చాలామంది తప్పుచేసేది ఆలౌట్ దగ్గర. ఎన్ని ఓవర్లకు కుప్పకూలినా 20 ఓవర్లుగానే లెక్కిస్తారు. 2017 ఏప్రిల్ 23న ఈడెన్‌లో ఆర్‌సీబీ 9.4 ఓవర్లలో 49కి ఆలౌటైంది. 49ని 20తో భాగిస్తే 2.45. కోల్‌కతా 19.3 ఓవర్లలో 131కి ఆలౌట్, అదీ 20తోనే: 6.55. ఆ ఒక్క మ్యాచ్ తేడా మైనస్ 4.10. సీజన్ మొత్తానికి లెక్కేసేటప్పుడు మాత్రం ఇలా మ్యాచ్‌వారీ తేడాలు కూడకండి. మొత్తం పరుగులు, మొత్తం ఓవర్లు తీసుకుని ఒకేసారి భాగించాలి. గెలుపులు తక్కువున్నా రన్‌రేట్ సున్నాకి దగ్గరగా ఉంటే దగ్గరి మ్యాచ్‌లు చేజార్చుకుంటున్నారని అర్థం. మైనస్ ఒకటి దాటితే జట్టు అన్ని వైపులా దెబ్బతింటోంది.

ఈ దశాంశాలు ఎంత దూరం లాక్కెళతాయో 2024 మే 18న చిన్నస్వామిలో అందరూ చూశారు. ఆర్‌సీబీ 218 చేసింది. చెన్నై ఓడినా 201 చేరితే ప్లేఆఫ్స్‌కి వెళ్లేది. చివరి ఓవర్‌లో 17 కావాలి. దయాల్ తొలి బంతిని ధోనీ సిక్స్ కొట్టాడు. రెండో బంతిని దయాల్ వేగం తగ్గించి వేశాడు, ధోనీ క్యాచ్ ఇచ్చాడు. ఆ తర్వాతి బంతులూ నెమ్మదిగానే వేస్తూ మొత్తం ఓవర్‌లో ఏడే ఇచ్చాడు. రెండు జట్లకూ 14 పాయింట్లే. రన్‌రేట్ 0.459తో ఆర్‌సీబీ వెళ్లింది, 0.392తో చెన్నై ఆగిపోయింది.

ప్రొ కబడ్డీలో తెలుగు టైటాన్స్ ఏటా కోచ్‌ని మార్చినా ఆమధ్య మూడు సీజన్లు అట్టడుగునే. స్టార్ రైడర్‌ని కొన్నా అంతే! (అన్నదమ్ములు, హెబ్బాళ)

నిజమే. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో 22 మ్యాచ్‌ల చొప్పున ఆడి గెలిచినవి ఒకటి, రెండు, రెండు. ఎనిమిదో సీజన్ మొత్తం మీ ఊళ్లోనే, వైట్‌ఫీల్డ్ హోటల్లో ప్రేక్షకులు లేకుండా జరిగింది. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకు కొన్నా రెండే గెలుపులు.

కబడ్డీలో అవుటైన రైడర్ తిరిగి లోపలికి రావాలంటే మనవాళ్లు ఎదుటి జట్టులో ఒకరిని అవుట్ చేయాలి. డిఫెన్స్ పట్టు తప్పితే కోట్ల రైడర్ బెంచీ మీద కూర్చునే ఉంటాడు. ఈలోగా కోర్టు ఖాళీ అయి ఆలౌట్, ఎదుటివాళ్లకు అదనంగా రెండు పాయింట్లు. ఈసారి మ్యాచ్ చూస్తూ మీ ప్రధాన రైడర్ 40 నిమిషాల్లో ఎంతసేపు బయట ఉన్నాడో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. 15 నిమిషాలు దాటుతుంటే లోపం కార్నర్లలో, కవర్లలో, అంటే డిఫెండర్లలో ఉంది. పదకొండో సీజన్‌లో కృష్ణకుమార్ హూడా శిక్షణలో 22లో 12 గెలిచారు. ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పింది.

బుల్స్ కథ తిరగేసినట్టు ఉంటుంది. తొలి సీజన్ నుంచీ రణ్‌ధీర్ సింగ్ సెహ్రావతే కోచ్, ఆరో సీజన్ కప్పు ఆయన ఉన్నప్పుడే వచ్చింది. పదకొండో సీజన్‌లో 22 ఆడి రెండే గెలిచాక బీసీ రమేశ్ వచ్చాడు. అంత నమ్మకం చూపిన యాజమాన్యాన్ని తప్పుపట్టలేం. ఒక సీజన్ ముందే మేల్కోవాల్సిందన్న మాట మాత్రం నిజం.

ఓనర్లని మార్చే హక్కు అభిమానులకి లేదా? (ఒక పాఠకుడు, బీటీఎం లేఅవుట్)

లేదు. జర్మనీ ఫుట్‌బాల్‌లో సాధారణంగా క్లబ్ సభ్యుల దగ్గర సగానికి పైగా ఓట్లు ఉండాలన్న నియమం ఉంది. మన లీగ్‌లలో అలాంటిది లేదు.

మరి మా మాట వాళ్లకు చేరే దారేది? (అదే పాఠకుడు)

ఆటగాళ్ల భార్యాపిల్లల ఖాతాల కింద బూతులు రాయడం నీచం, దయచేసి మీ గుంపులో ఎవరైనా అలా చేస్తుంటే ఆపండి. ఆ వ్యాఖ్యలు నిర్ణయాలు తీసుకునేవాళ్లు చదవరు, ఆ కుటుంబాలు చదువుతాయి.

ఉత్తరం రాయండి, ఒక్కరుగా కాక పదిమంది సంతకాలతో. బెంగళూరు ఎఫ్‌సీకైతే వెస్ట్ బ్లాక్ బ్లూస్ లాంటి అభిమాన సంఘాల ద్వారా వెళ్లడం మేలు. సీఈఓకి ఒకటి, డైరెక్టర్‌కి ఒకటి పంపండి. ఒక పేజీ దాటొద్దు. "కోచ్‌ని తీసేయండి" అని రాస్తే జవాబు రాదు. "గత ఐదు ఓటముల్లో నాలుగు 16-20 ఓవర్లలోనే పోయాయి, డెత్ బౌలర్ కోసం ఏం చేస్తున్నారు?" అని మీ నోటు పుస్తకంలోని అంకెలతో అడిగితే ఎవరో ఒకరు కూర్చుని చూడాల్సి వస్తుంది. ఆటగాళ్లను అట్టిపెట్టుకునే జాబితాకి గడువు 2024లో అక్టోబర్ 31, 2025లో నవంబర్ 15. ఎవరిని ఉంచాలో వదలాలో అన్న చర్చలు అంతకు ముందే నడుస్తాయి కాబట్టి ఉత్తరం ఆగస్టు, సెప్టెంబర్‌లలో చేరేలా చూసుకోండి.