58 ఏళ్లకు రిటైరయ్యేవారు ఎవరి వయసుతో లెక్క మొదలుపెట్టాలి?

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. వయసు 53. మరో 5 ఏళ్లలో పదవీ విరమణ. నా భార్యకు 48, గృహిణి. సొంత ఇల్లు ఉంది, అప్పులు లేవు. 2002 నుంచి కడుతున్న పీఎఫ్‌లో 28 లక్షలు, పీపీఎఫ్‌లో 9 లక్షలు, బ్యాంకు డిపాజిట్లలో 12 లక్షలు ఉన్నాయి. గ్రాట్యుటీ 7 లక్షల దాకా రావచ్చు. ఊరి శివార్లలో ఒక స్థలం ఉంది, ఇప్పుడు 60 లక్షలు పలుకుతోంది. అమ్మాయి పెళ్లి చేయాలి. అబ్బాయి ఇంజినీరింగ్ చదువు ఇంకా 2 ఏళ్లు ఉంది. చదువు ఖర్చు కాకుండా ఇల్లు గడవడానికి నెలకు 40 వేలు అవుతోంది, 15 వేలు మిగులుతోంది. రిటైర్మెంట్‌కు కోటి రూపాయలుంటే చాలని మిత్రులు అంటున్నారు. పీఎఫ్‌లో కొంత తీసి పెళ్లి చేసి, డిపాజిట్లతో హైదరాబాద్ దగ్గర ప్రీలాంచ్‌లో మరో ప్లాటు కొంటే ఎలా ఉంటుంది?

జవాబు: మీ వివరాల్లో అన్నిటికంటే ముఖ్యమైన అంకె 28 లక్షలూ కాదు, 60 లక్షలూ కాదు, మీ శ్రీమతి వయసు. మీరు విరమణ పొందే నాటికి ఆమెకు 53 ఏళ్లు మాత్రమే ఉంటాయి. ఆమె 88 ఏళ్ల వరకూ జీవిస్తారనుకుంటే ఈ సొమ్ము 35 ఏళ్లు నడవాలి, అందులో చివరి భాగం ఆమె ఒంటరిగా గడపవలసి రావచ్చు. మీ మిత్రుల కోటి లెక్కలో ఈ సంగతి లేదు.

ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే నేటి 40 వేల ఖర్చు మరో 5 ఏళ్లకు దాదాపు 53,500 అవుతుంది. ఈపీఎస్ (పీఎఫ్‌తోపాటే నడిచే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. మీ సర్వీసులో 2014 సెప్టెంబరుకు ముందు కాలానికి 6,500, ఆ తర్వాతి కాలానికి 15,000 వేతన పరిమితిగా తీసుకుని, సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు కాబట్టి, 20 ఏళ్లు దాటిన సర్వీసుకు కలిపే 2 ఏళ్ల అదనంతో సహా మీకు నెలకు రమారమి 5 వేలు వస్తుంది. ధరలతోపాటు అది పెరగదు, మీ తదనంతరం మీ శ్రీమతికి అందులో సగమే అందుతుంది. మిగిలిన 48,500 మీ పొదుపు నుంచే రావాలి. విరమణ తర్వాత మీ పెట్టుబడులు ధరల పెరుగుదల కంటే 1 శాతం మాత్రమే ఎక్కువ రాబడి ఇస్తాయనుకుంటే (ఇంతకంటే ఆశపడి లెక్క వేయడం నాకు ఇష్టం ఉండదు), 35 ఏళ్లకు కావలసింది సుమారు 1.7 కోట్లు.

మీ దగ్గర ఎంత ఉంటుందో చూద్దాం. పీఎఫ్‌కు నెలనెలా రెండు వాటాలూ కలిపి 10 వేలు చేరుతూ 8 శాతం వడ్డీ వస్తే 58 ఏళ్లకు అది దాదాపు 48 లక్షలవుతుంది. పీపీఎఫ్ ఇప్పటి 7.1 శాతంతో 12.7 లక్షలకు చేరుతుంది. ఇప్పుడు మిగులుతున్న 15 వేలను, అబ్బాయి చదువు పూర్తయ్యాక 30 వేలను క్రమం తప్పకుండా పొదుపు చేయగలిగితే మరో 17 లక్షలు జమవుతాయి. గ్రాట్యుటీతో కలిపి మొత్తం 85 లక్షలు, అంటే అవసరమైన దానిలో సగం. డిపాజిట్ల 12 లక్షలను ఇందులో కలపలేదు. అవి అమ్మాయి పెళ్లికి ఉంచవలసినవి.

అందువల్ల పెళ్లికి పీఎఫ్ తీయవద్దు. నిబంధనలు అనుమతిస్తాయన్నది నిజమే, కానీ ఈరోజు తీసే 12 లక్షలు 8 శాతంతో 5 ఏళ్లకు 17.6 లక్షలయ్యే సొమ్ము, పైగా అది మళ్లీ పూడ్చలేని గొయ్యి. పెళ్లి ఖర్చు 12 లక్షలకు లోబడి ఉండాలని ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోవడం, బంధువుల మాటకు తర్వాత లొంగడం కంటే తేలిక.

ఇక ప్లాటు విషయం. మన వాళ్లకు గజాల లెక్కలో ఉన్న ధైర్యం మరే లెక్కలోనూ ఉండదు, కొన్న స్థలం విలువ పెరిగిన కుటుంబాలూ తక్కువేమీ కాదు. అయినా ఖాళీ స్థలం నెలకు ఒక్క రూపాయి ఇవ్వదు, వైద్యానికి 3 లక్షలు కావలసిన రోజున అందులో 20 గజాలు కోసి అమ్ముకోలేరు. మీ ఆస్తిలో సగానికి పైగా ఇప్పటికే స్థలంలోనే ఉంది; మరొకటి కొంటే అక్కరలేని వైపే బరువు పెరుగుతుంది. ప్రీలాంచ్, అంటే నమోదుకు ముందే అమ్మేది అయితే అసలే వద్దు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటును రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా ప్రకటించడం, అమ్మడం 2016 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. నమోదుకు ముందే డబ్బు తీసుకుంటున్నారంటే చట్టం ఇచ్చే రక్షణకు వెలుపల మీరు నిలబడుతున్నట్లే.

నా సలహా ఇందుకు విరుద్ధంగా ఉంటుంది: ఉన్న స్థలాన్నే విరమణ నాటికి, తొందర లేకుండా మంచి ధర వచ్చినప్పుడు అమ్మండి. 2024 జులై 23కు ముందు కొన్నదైతే వచ్చిన లాభంపై, కొన్న ధరకు ద్రవ్యోల్బణ సవరణ లేకుండా 12.5 శాతం, లేదా సవరణతో 20 శాతం, వీటిలో ఏది తక్కువైతే ఆ పన్ను కట్టవచ్చు. 6 నెలల్లోగా 54ఈసీ బాండ్లలో పెడితే 50 లక్షల వరకూ లాభంపై పన్ను తప్పుతుంది గానీ, 5 ఏళ్లు కదలని ఆ బాండ్లపై వడ్డీ తక్కువ. పన్ను కట్టేసి మిగతాది స్వేచ్ఛగా ఉంచుకోవడమే లాభమా అన్నది ఆడిటర్‌తో లెక్క వేయించి చూడండి.

స్థలం అమ్మినా పాతిక లక్షల లోటు, పన్ను పోను మరికొంత మిగిలే ఉంటుంది. దాన్ని ఎక్కువ రాబడి ఆశతో పూడ్చాలని చూడకుండా, 60 ఏళ్ల వరకూ ఏదో ఒక ఉద్యోగం చేయండి. ఇంటి ఖర్చు వరకూ జీతం వచ్చినా సరే, పొదుపును ముట్టుకోకుండా 2 ఏళ్లు పెరగనివ్వడం వల్ల లోటు చాలావరకు పూడుతుంది. ఈపీఎస్ పింఛనును కూడా 60 వరకూ వాయిదా వేసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది.

విరమణ సొమ్ము చేతికొచ్చాక 30 లక్షలు సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టండి. 8.2 శాతం వడ్డీతో 3 నెలలకోసారి 61,500 అందుతుంది. సాధారణ అర్హత వయసు 60 అయినా, 55 దాటి విరమణ పొందినవారు ఆ ప్రయోజనాలు అందిన 3 నెలల్లోగా చేరవచ్చు. ఈ గడువు దాటనివ్వకండి. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో ఇద్దరి పేరిట 15 లక్షలు వేస్తే 7.4 శాతంతో నెలకు 9,250 వస్తుంది. మీరు చేరేనాటికి ఈ వడ్డీ రేట్లు మారి ఉండవచ్చు; చేరిన రోజు రేటు మాత్రం గడువు తీరేదాకా మారదు. సుమారు మూడో వంతు సొమ్మును షేర్ల సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్లలోనో, షేర్లు, బాండ్లు కలిసిన హైబ్రిడ్ ఫండ్లలోనో ఉంచండి. తొలి 7, 8 ఏళ్లు దాని జోలికి వెళ్లకండి. అంతా వడ్డీ పథకాల్లోనే పెడితే మీ శ్రీమతికి 75 ఏళ్లు వచ్చేసరికి ఆ వడ్డీతో సరుకులు కూడా రావు. బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉందని, సహకార పరపతి సంఘాలకు అది కూడా లేదని గుర్తుంచుకుని, అర శాతం ఎక్కువ వడ్డీ కోసం వాటి వైపు వెళ్లకండి.

ఆరోగ్య బీమా మాత్రం ఈ నెలలోనే తీసుకోండి. ఆఫీసు పాలసీ మీ ఉద్యోగంతోనే ముగుస్తుంది. ఇప్పటికే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 3 ఏళ్లకు మించకూడదు కనుక, ఇప్పుడు ఇద్దరి పేరిట తీసుకుంటే 58 ఏళ్లకు ఆ కాలం దాటిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. బీపీ, షుగర్ వంటివి ఉంటే దరఖాస్తులో దాచవద్దు. పాలసీ కాగితాలు, పీఎఫ్ నామినేషన్, పోస్టాఫీసు పాసుపుస్తకాలు ఎక్కడున్నాయో మీ శ్రీమతికి చూపించి, ఆమె సంతకంతో నడిచే ఖాతా ఒకటి ఇప్పుడే తెరవండి.