పుట్టినరోజుకు సరే, ప్రతి రాత్రీ ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు పన్నెండేళ్లు. వారంలో నాలుగైదు సార్లు బర్గర్, పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్ తింటాడు. పక్కన పెద్ద గ్లాసు కూల్‌డ్రింక్ ఉండాల్సిందే. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. అలసిపోయి ఇంటికి వచ్చాక చాలాసార్లు మేమే ఫోనులో ఆర్డర్ పెడుతున్నాం. ఇంట్లో వండితే కాస్త కెలికి లేచిపోతాడు. ఏడాదిగా బాగా బరువు పెరిగాడు. మెడ వెనక నల్లబడింది, ఎంత రుద్దినా పోవడం లేదు. మానిపిద్దామంటే ‘నా స్నేహితుల పుట్టినరోజులన్నీ అక్కడే చేస్తారు, నన్ను వెళ్లొద్దంటారా’ అని ఏడుస్తాడు. మావారేమో ఈ కాలం పిల్లలందరూ ఇంతే, పెద్దయితే సన్నబడతాడని అంటారు. ఇది వ్యసనమా? ఏం చేయాలి?
– ఒక తల్లి

సలహా: ముందు ఆ మెడ వెనక నలుపు సంగతి చూద్దాం. అది మురికి కాదు, దయచేసి రుద్దకండి. చర్మం మందంగా, ముట్టుకుంటే మఖమల్‌లా ఉంటే దాన్ని అకాంతోసిస్ నైగ్రికాన్స్ అంటారు. బరువు పెరిగిన పిల్లల్లో రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి ఇది తరచూ కనిపించే గుర్తు. ఈ వారంలోనే పిల్లల వైద్యులకు చూపించండి. ఎత్తు, బరువు కొలిచి, వయసుకు తగిన పట్టికతో బీఎంఐని (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్కను) పోల్చి చూస్తారు. రక్తపోటు చూస్తారు. పరగడుపున చక్కెర, రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, కాలేయంలో కొవ్వు పేరుకుంటోందేమో తెలుసుకోవడానికి ఏఎల్‌టీ పరీక్షలు అవసరం కావచ్చు. పెద్దయితే సన్నబడతాడన్న మాట నమ్మి కూర్చోవద్దు. ఈ వయసులో ఊబకాయం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక కూడా దానితోనే బతుకుతున్నారు.

ఇక వ్యసనమా అని అడిగారు. ‘ఆహార వ్యసనం’ అనే జబ్బును వైద్యశాస్త్రం ఇప్పటికీ అధికారికంగా గుర్తించలేదు. అలాగని దీన్ని మీ అబ్బాయి జిహ్వచాపల్యం అని తీసిపారేయడం అన్యాయం. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఇరవై మంది పెద్దవాళ్లను ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు కర్మాగారాల్లో అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం, మరో రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన ఆహారం పెట్టారు. ముందుంచిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉండేలా చూశారు. ఎంత తినాలనిపిస్తే అంత తినమన్నారు. మొదటి రకం ఆహారం పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిన్నారు. రెండు వారాల్లోనే కిలోకు దగ్గరగా బరువు పెరిగారు. తినే వేగం కూడా పెరిగింది. ఆ మెత్తటి తిండిని నమలాల్సిన పని తక్కువ. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే ప్లేటు ఖాళీ అవుతుంది. బుద్ధి తెలిసిన పెద్దవాళ్లే ఆగలేకపోయిన చోట పన్నెండేళ్ల పిల్లవాడిని తిట్టి లాభం లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పుట్టినరోజుల మాట. ఫాస్ట్‌ఫుడ్ పరిశ్రమ మన నాలుకనే కాదు, మన వేడుకలను కూడా పట్టుకుంది. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటలులో ప్లేట్లు, చెంచాలు, వడ్డించేవాళ్లను తీసేసి, వంటగదిని కర్మాగారంలా మార్చారు. అప్పటికి వాళ్లు అమ్మింది వేగం, చవకదనం. ఆ తర్వాత పరిశ్రమ చూపు పిల్లల మీద పడింది. 1963లో మెక్‌డొనాల్డ్స్ ప్రకటనల్లోకి రొనాల్డ్ అనే విదూషకుడి పాత్ర వచ్చింది. 1979లో భోజనంతో పాటు ఆటబొమ్మ ఇచ్చే ‘హ్యాపీ మీల్’ వచ్చింది. తర్వాత ఆటస్థలాలు, పుట్టినరోజు పార్టీలు. జపాన్‌లో 1974లో కేఎఫ్‌సీ మొదలుపెట్టిన ప్రచారం వల్ల క్రిస్మస్‌కు వేయించిన చికెన్ తినడం అక్కడ ఏకంగా ఆనవాయితీ అయిపోయింది. ఒక ప్రకటన పండుగ భోజనాన్నే నిర్ణయించగలిగిందంటే దాని బలం ఎంతటిదో ఆలోచించండి.

దీని ప్రభావం ఎంత చిన్న వయసులో మొదలవుతుందో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో చూపించారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల ముందు ఒకే రకం ఆహారాన్ని రెండు పొట్లాల్లో పెట్టారు. ఒకటి సాదా కాగితం, మరొకటి మెక్‌డొనాల్డ్స్ గుర్తు ఉన్న కాగితం. ఏది రుచిగా ఉందని అడిగితే ఎక్కువమంది గుర్తు ఉన్నదానినే చూపించారు. ఆ సంస్థ దుకాణంలో కొనని క్యారెట్లు, పాలు కూడా ఆ గుర్తు తగిలేసరికి వాళ్ల నోటికి మరింత రుచించాయి! చదవడం కూడా రాని వయసు వాళ్లది. ఇలాంటివి చూశాక, తల్లిదండ్రులు గట్టిగా ఉంటే చాలని చెప్పడానికి నాకు మనసొప్పదు.

అందుకే పూర్తి నిషేధం వద్దంటున్నాను. స్నేహితుల పుట్టినరోజుకు వెళ్లనివ్వండి, అందరితో పాటు తిననివ్వండి. అప్పుడప్పుడు వచ్చే పార్టీల వల్ల ఇంత బరువు పెరగదు. మీ ఇంట్లో ఈ తిండికి దొరికిన అసలు చోటు అలసిపోయి వచ్చిన రాత్రులది. అక్కడ కోత పెట్టాలి. ఆ రాత్రుల కోసం పావుగంటలో అయిపోయే రెండు మూడు వంటకాలను ముందే అనుకుని, కూరగాయలు ముందురోజే తరిగి పెట్టుకోండి. ఆ పనిలో బాబును కూడా కూర్చోబెట్టుకోండి. తాను తరిగింది, తాను కలిపింది తినడానికి పిల్లలు తేలిగ్గా ఒప్పుకుంటారు. ఆర్డర్ పెట్టే యాప్‌ను మీ ఇద్దరి ఫోన్లలోంచి తీసేయండి. మంచి మార్కులొస్తే పిజ్జా, అల్లరి చేస్తే బర్గర్ లేదు అనే బేరాలు మానండి. అలా బహుమతిగా చూపించినకొద్దీ దాని మీద మోజు పెరుగుతుంది.

అన్నిటికంటే ముందు కూల్‌డ్రింక్ ఆపండి. ఒక్క మార్పే చేయగలిగితే ఇదే చేయమంటాను. అర లీటరు మామూలు కోలాలో 50 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఇలా కలిపిన చక్కెర రోజు మొత్తం తిండి నుంచి వచ్చే శక్తిలో పదోవంతు దాటకూడదని, ఇరవయ్యో వంతులోపు ఉంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 2,000 కేలరీలు తినే పెద్దవాళ్లకే పదోవంతంటే 50 గ్రాములు. అంటే ఆ ఒక్క గ్లాసుతోనే రోజు కోటా అయిపోతుంది. పైగా తాగిన చక్కెరతో ఆకలి తీరదు. ఇంట్లో సీసాలే లేకుండా చూడండి, దాహమేస్తే మంచినీళ్లు. పండ్ల రసం బదులు పండు ఇవ్వండి.

మొదట్లో ఇంటి వంట చప్పగా ఉందని గొడవ చేస్తాడు. ఎక్కువ ఉప్పు, తీపి మరిగిన నాలుక మామూలు రుచికి అలవాటుపడటానికి కొన్ని వారాలు పడుతుంది. వద్దన్న కూరను బలవంతంగా పెట్టకుండా, కొన్నాళ్ల తర్వాత మళ్లీ కొంచెం వడ్డించండి. పదిసార్లు కనబడితే గానీ కొత్త రుచి ఎక్కని పిల్లలున్నారు. తినేటప్పుడు టీవీ, ఫోను కట్టేసి అందరూ కలిసి కూర్చోండి. రోజుకు గంట ఆట, కనీసం తొమ్మిది గంటల నిద్ర ఉండాలి. కడుపు మాడ్చే డైట్లు మాత్రం వద్దు. ఇంకా ఎత్తు పెరిగే వయసు కాబట్టి చాలామంది పిల్లలకు మొదట బరువు పెరగకుండా ఆగితే చాలు. లావయ్యావని ఇంట్లో ఎవరూ అనకూడదు, సరదాకు కూడా. ఆ మాటలతో దొంగచాటుగా తినడం మొదలవుతుంది.

మీవారికి ఒక మాట. నాన్న బర్గర్ తింటూ కొడుకును కూరగాయలు తినమంటే ఏ ఇంట్లోనూ సాగదు. బాబు మానాల్సినవి మీరూ మానండి. వీలైతే ఇద్దరూ కలిసి బడి యాజమాన్యాన్ని కూడా అడగండి, క్యాంటీన్లో ఏం అమ్ముతున్నారని, పోటీలకు ఏ కంపెనీ డబ్బు తీసుకుంటున్నారని. కెనడాలోని క్యూబెక్‌లో 1980 నుంచి పదమూడేళ్లలోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలకు అనుమతి లేదు. చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న పొట్లాల మీద నల్లటి హెచ్చరిక ముద్ర తప్పనిసరి చేసి, వాటిని బడుల్లో అమ్మనివ్వకుండా చేసింది. ప్రభుత్వాలు చేయాల్సిన పనిని తల్లి ఒక్కతే వంటింట్లోంచి చేయాలనడం సరికాదు.

పరీక్షల్లో తేడా ఉంటే మీ వైద్యులు చెప్పినట్లు మందులు వాడి, రమ్మన్న తేదీకి మళ్లీ చూపించండి. అన్నీ బాగున్నా మూడు నెలలకోసారి ఎత్తు, బరువు, రక్తపోటు చూపించండి. ఈలోగా బాబుకు దాహం, మూత్రం విపరీతమైతే, గురక మధ్యలో ఊపిరి ఆగినట్లనిపిస్తే, తుంటి లేదా మోకాలు నొప్పితో కుంటుతుంటే తర్వాతి తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.