తీరపు దీపాలు, మునిగిన ఓడలు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్ దాటి వచ్చి, అమెరికా ఒడ్డు పక్కనే ఓడలను ముంచాయని చదివాను. ఊళ్లలోని దీపాలే అందుకు కారణమంటారు. ఒడ్డున వెలిగే దీపానికీ సముద్రంలో మునిగే ఓడకూ సంబంధం ఏమిటి?
– డిగ్రీ విద్యార్థి, కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ ఊరిలో రాత్రి వేటకు వెళ్లి వచ్చేవారిని అడగండి. ఒడ్డున వరసగా దీపాలుంటే, తమకూ ఒడ్డుకూ నడుమ సాగే పడవ, దానిలో దీపం లేకపోయినా, నల్లటి ఆకారంగా కనిపిస్తుందని చెబుతారు. జర్మన్లకు కలిసివచ్చిందీ అదే. పగలు లోతు తక్కువ నీటి అడుగున కదలకుండా ఉండి, చీకటి పడగానే పైకి తేలి, ఒడ్డుకు ఎడంగా సముద్రం వైపు కాచుకుని, తీరపు వెలుగుకు అడ్డంగా వెళ్లే ఓడ వేగాన్నీ దిశనూ అంచనా వేసి టార్పెడో వదిలేవారు.

1941 డిసెంబరు 11న జర్మనీ అమెరికాపై యుద్ధం ప్రకటించగానే, జలాంతర్గాముల అధిపతి కార్ల్ డోనిట్జ్ తొలి విడతగా ఐదింటిని పంపాడు. వాటిలో రైన్‌హార్డ్ హార్డెగెన్ నడిపిన యు-123, 1942 జనవరి 14న న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలండ్‌కు ఆవల నార్నెస్ అనే చమురు ఓడను ముంచింది. అతడే రెండోసారి వచ్చి, ఏప్రిల్ 10 రాత్రి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ బీచ్ ఎదుట గల్ఫ్‌అమెరికా అనే చమురు ఓడను టార్పెడోతో కొట్టి, ఆపై ఫిరంగితో కాల్చాడు. ఒడ్డున విహారానికి వచ్చినవారు చూస్తుండగానే ఓడ తగలబడింది. 19 మంది నావికులు చనిపోయారు. ఆ తరువాతే ఆ రాష్ట్ర గవర్నర్ తీరంలో దీపాలు ఆర్పించారు. సరిగ్గా ఆ వారంలోనే, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. అప్పట్లో మీ ప్రాంతం కూడా ఆ జిల్లాలోనిదే.

అయితే నేరమంతా దీపాలదే అనడం న్యాయం కాదు. బ్రిటన్ అప్పటికే అనుభవంతో నేర్చుకున్న కాన్వాయ్ పద్ధతిని, అంటే సరకు ఓడలను గుంపుగా కూర్చి యుద్ధనౌకల కాపలాతో నడపడాన్ని, అమెరికా తన తూర్పు తీరంలో మే నెల దాకా మొదలుపెట్టలేదు. కాపలాకు చాలినన్ని ఓడలు లేవన్నది నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎర్నెస్ట్ కింగ్ వాదన. అందులో నిజం ఉన్నా, దిక్కులేక ఒంటరిగా వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న సరకు ఓడల సిబ్బందిని తలచుకుంటే, ఆ జాప్యాన్ని సమర్థించడానికి నాకు మనసొప్పదు. కాన్వాయ్‌లు మొదలయ్యాక తూర్పు తీరంలో వేట కష్టమై, జలాంతర్గాములు ఇంకా కాపలా ఏర్పడని మెక్సికో సింధుశాఖకూ కరీబియన్ సముద్రానికీ మళ్లాయి. జూలైలో డోనిట్జ్ తూర్పు తీరం నుంచి మిగిలినవాటినీ వెనక్కి పిలిచాడు.