కరెంట్ పోయాక ఫైళ్లు ఖాళీ అవుతుంటే కెర్నల్‌లో తప్పు ఎలా పట్టుకోవాలి?

అమీర్‌పేట హాస్టల్లో కరెంట్ పోయి వచ్చాక, మీరు మార్చిన ఈఎక్స్‌టీ4 (లినక్స్ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో, ఫైళ్లను డిస్కుపై భద్రపరిచే ఫైల్‌సిస్టమ్) కోడ్‌తో కొన్ని ఫైళ్లు సున్నా బైట్లతో మిగులుతున్నాయని అడిగారు. ముందు అది బగ్గేనా అని తేల్చుకోండి. ఫైల్లో రాయమని ప్రోగ్రామ్ కెర్నల్‌ను అడిగే రైట్ కాల్ సక్సెస్ అయినా డేటా ఇంకా పేజ్ కాష్‌లోనే (ర్యామ్‌లోని తాత్కాలిక నిల్వలో) ఉంటుంది. డిస్కుకు చేరడానికి మామూలుగా 30 సెకన్లు, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. డేటాను వెంటనే డిస్కుకు చేర్చమనే ఎఫ్‌సింక్ కాల్‌ను పిలవకపోతే ఆ నష్టం కెర్నల్ తప్పు కాదు. పిలిచాక కూడా డేటా పోతే మాత్రం వెతకాల్సిందే.

ప్లగ్ పీకి చూడకండి, అదే స్థితి మళ్లీ దొరకదు. వర్చువల్ మెషీన్‌ను నడిపే క్యూఎమూలో డీఎం-లాగ్-రైట్స్ అనే కెర్నల్ మాడ్యూల్ పెట్టండి. 2015లో లినక్స్ 4.1తో వచ్చిన ఇది ప్రతి రైట్‌నీ, ఫ్లష్‌నీ (కాష్‌లో ఉన్నదంతా శాశ్వతంగా రాసేయమని డిస్కుకిచ్చే ఆదేశాన్నీ) వరుసగా నమోదు చేస్తుంది. ఒక్కో ఫ్లష్ దాకా రీప్లే చేసి, మౌంట్ చేసి జర్నల్ (ఫైల్‌సిస్టమ్ మార్పులు రాసుకునే చిట్టా) రికవరీ కానిచ్చి, అన్‌మౌంట్ చేశాక ఫైల్‌సిస్టమ్‌లో తప్పులు వెతికే ఎఫ్ఎస్‌సీకే నడపండి. నేను ఎక్కువగా నమ్మేది ఈ పద్ధతినే. ప్రింట్‌కేలు (కెర్నల్ లాగ్‌లో సందేశాలు రాసే కాల్స్) గుప్పిస్తే టైమింగ్ మారి బగ్ కనబడకుండా పోవచ్చు, అంతకన్నా తేలిగ్గా జరిగినవి నమోదు చేసే ట్రేస్‌పాయింట్లు వాడండి.