వయ్యారిభామను ముట్టుకోకపోయినా దురద వస్తుందా?

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. పొలం పని చేస్తారు. రెండేళ్లుగా ముఖం, మెడ, మోచేతి మడతల్లో విపరీతమైన దురద. చర్మం నల్లబడి మందంగా తయారైంది. అందరూ వయ్యారిభామ వల్లే అంటున్నారు. కానీ ఈసారి ఆయన ఆ మొక్కను పీకనే లేదు. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గి, మానేయగానే మళ్లీ వస్తోంది. ఇది మాకూ అంటుకుంటుందా?
– ఓ పాఠకురాలు

జవాబు: అంటుకోదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఇది అలర్జీ. మీరు రాసిన లక్షణాలను బట్టి వయ్యారిభామ మీదే నా అనుమానం కూడా.

ముట్టుకోకపోయినా ఎలా వచ్చిందంటారా? ఈ మొక్క ఆకుల నూగులోనూ పుప్పొడిలోనూ పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. ఎండిన మొక్క పొడి గాలికి లేచి ఒంటి మీద పడినా చాలు. చెమట పట్టే మడతల్లో అది పేరుకుంటుంది. ఎండ సరిపడక వచ్చే దద్దుర్లలో సాధారణంగా పైరెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద చర్మం బాగానే ఉంటుంది. గాలిలో వచ్చే అలర్జీ ఆ చోట్లనూ వదలదు. మీవారికి అక్కడ ఎలా ఉందో ఒకసారి చూడండి.

‘ఇన్నేళ్లూ ఆ మొక్కల మధ్యే తిరిగాను, ఇప్పుడెందుకు వస్తుంది’ అని చాలామంది రైతులు నమ్మరు. అలర్జీ తీరే అంత. ఏళ్ల తరబడి తగిలాక శరీరం ఒకరోజు ఎదురుతిరుగుతుంది. ఆ తర్వాత కొంచెం తగిలినా ఊరుకోదు.

నాకు ఎక్కువ భయం ఆ ఆయింట్‌మెంట్ గురించే. అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. రెప్పల మీద రాస్తే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లాలూ రావచ్చు. ట్యూబు వెంట పెట్టుకుని చర్మవ్యాధుల డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. అలర్జీ దేనివల్లో తేల్చడానికి వీపు మీద పట్టీలు అంటించి ప్యాచ్ టెస్ట్ చేస్తారు. పట్టీలు 48 గంటలు ఉంచి తీసేస్తారు, ఆ తర్వాత మరో ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. అలర్జీ మొండిగా ఉంటే రోగనిరోధక శక్తి దూకుడును తగ్గించే అజాథయోప్రిన్ లాంటి మాత్రలు ఇస్తారు. అవి వాడినన్నాళ్లూ రక్తపరీక్షలు తప్పనిసరి.

కలుపు పీకే పని ఇక ఆయనకు వద్దు. వేరేవాళ్లు గ్లవుజులు వేసుకుని, మొక్క పూత పట్టకముందే వేళ్లతో సహా తీసేయాలి. తగలబెడుతుంటే ఆ పొగ దగ్గరికి ఆయన్ను వెళ్లనివ్వకండి. పొలం నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. చామంతి కూడా ఇదే కుటుంబం మొక్క కాబట్టి కొందరికి దానితోనూ దురద వస్తుంది. ఆయాసం, పిల్లికూతలు కూడా ఉంటే ఆలస్యం చేయకుండా ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించండి.