ఫోను ఎవరి చేతిలో ఉందో చూసుకో చెల్లీ

"బెంగళూరు వచ్చి మూడు నెలలైంది అక్కా. ఆయన కొట్టడు, తిట్టడు. కానీ ఎప్పుడూ లైవ్ లొకేషన్ పెట్టి ఉంచమంటాడు, స్నేహితురాళ్లని కలవనివ్వడు, నా జీతం ఖాతా ఓటీపీ కూడా ఆయన ఫోనుకే వెళ్తుంది. అయినా ఊపిరాడట్లేదు. ఇదీ హింసేనా?" అని అడిగావు. హింసే.

మారతహళ్లిలో మా పైవాటాలో నీలాగే కొత్తగా పెళ్లయి వచ్చిన తెలుగమ్మాయి ఉండేది. ఒకరోజు కరివేపాకు కోసం దిగొచ్చింది. నేను రెబ్బలు తుంచేలోపే వాళ్లాయన నుంచి వీడియో కాల్. ఆ పిల్ల ఒక్క మాటైనా మాట్లాడకుండా ఫోను తిప్పి నా పొయ్యి, సింకు, చివరికి తలుపు వెనక కూడా చూపించింది. చెయ్యి దానంతటదే తిరిగింది, అంత అలవాటైపోయింది. "ఎంత ప్రేమో!" అన్నాను నేను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఉద్యోగం ఆమెది, జీతం ఖాతా ఓటీపీ మాత్రం ఆయన ఫోనుకి వెళ్లేది.

మన ఊళ్లో అయితే పక్కింటి పిన్ని పసిగడుతుంది. ఇక్కడ "భాష రాదు, ఒక్కదానివే వెళ్లకు" అంటే మొదట్లో జాగ్రత్తలాగే ఉంటుంది. మగాడన్నాక అడుగుతాడు, ఆడది చెప్పాలి అని వింటూ పెరిగాం కదా. అమ్మకి చెబితే ఆవిడా "సర్దుకో" అంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లైన ఆడవాళ్లని అడిగే ప్రశ్నలు చూడు: స్నేహితురాళ్లని కలవనివ్వడా, పుట్టింటితో రాకపోకలు తగ్గిస్తాడా, ఎప్పుడూ ఎక్కడున్నావో చెప్పాలంటాడా, డబ్బు విషయంలో నమ్మడా. నువ్వు రాసినవాటిలో మూడు ఇవే.

2005 గృహహింస చట్టం దెబ్బల్నే కాదు, మాటలతో, మనసు మీద, డబ్బు మీద చేసే హింసనీ లెక్కలోకి తీసుకుంటుంది. పెళ్లి గుంటూరులో అయినా కేసు అక్కడే వెయ్యక్కర్లేదు. 27వ సెక్షన్ ప్రకారం నువ్వు తాత్కాలికంగా ఉంటున్నా, ఉద్యోగం చేస్తున్నా ఇక్కడి మేజిస్ట్రేటు దగ్గరే వెయ్యొచ్చు. అద్దె అగ్రిమెంటు ఆయన పేరు మీదే ఉన్నా ఆ ఇంట్లో ఉండే హక్కు నీకుంది.

లైవ్ లొకేషన్ మాత్రం ఇవాళే ఆపెయ్యకు. పట్టు జారుతోందనిపించినప్పుడే ఇలాంటివాళ్లు చెయ్యెత్తేది. ముందు ఆధార్, సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాల కాపీలు ఆఫీసులో నమ్మకమైన మనిషి దగ్గర దాచు. ఓటీపీ నంబరు మార్చడం ఆ తర్వాత. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఆఫీసు ఫోను నుంచి చెయ్యి, ప్రాణం మీదికొస్తే 112కి. కన్నడ రాదని ఆగకు, ఆ రోజు నేను పక్కన కూర్చుని మాట్లాడతాను.