మూసీ శాంపిల్ పట్టే ముందు

చి. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

మూసీ బ్యాక్టీరియా భారలోహాలను ఎంతవరకు తట్టుకుంటుందో చూసే ప్రాజెక్టు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముప్ఫై ఏళ్లు బ్యాక్టీరియా పెంచే ప్లేట్లతోనే గడిపినవాణ్ని కదా, నువ్వు అడగకపోయినా చెబుతున్నాను.

మొదటే హైదరాబాద్‌లోని నాగోలుకు పరుగెత్తకు. మూసీ పుట్టే అనంతగిరి కొండల దిగువన, ఊళ్ల మురుగు కలవకముందే ఒక శాంపిల్ పట్టు. అది లేకపోతే నాగోలు దగ్గర ఎన్ని కాలనీలు (ప్లేటు మీద చుక్కల్లా కనిపించే బ్యాక్టీరియా గుంపులు) వచ్చినా ఏమీ తేల్చలేవు. ప్రతిచోటా రెండు సీసాలు కావాలి. బ్యాక్టీరియాకు స్టెరైల్ చేసినది, ఐస్ బాక్సులో. లోహాలు కొలవడానికి ప్లాస్టిక్‌ది, నైట్రిక్ యాసిడ్ ఆ సీసాలోనే. ఒకసారి మా పిల్లలు రెండింట్లోనూ యాసిడ్ పోసుకొచ్చారు. మర్నాడు చూస్తే ప్లేట్లన్నీ అద్దంలా ఖాళీ!

అసలు చిక్కు మీడియంలో, అంటే బ్యాక్టీరియాకు పెట్టే తిండిలో ఉంది. మొదట్లో నేను న్యూట్రియంట్ అగార్‌లో లెడ్ నైట్రేట్ కలిపాను. ఎంత పెంచినా కాలనీలు వస్తూనే ఉన్నాయి. గొప్ప బ్యాక్టీరియా దొరికిందని వారం రోజులు నేల మీద లేను. తర్వాత అనుమానమొచ్చి, ల్యాబ్‌లోని మామూలు ఈ.కోలై బ్యాక్టీరియాని అదే ప్లేటు మీద గీస్తే అదీ హాయిగా పెరిగింది. ఆ లెడ్‌ను మీడియంలోని పెప్టోన్ (ప్రోటీన్ ముక్కలు) పట్టేసుకుంటుంది, ఫాస్ఫేట్ తెల్లటి మడ్డిలా దింపేస్తుంది. ఇక బ్యాక్టీరియా దాకా చేరేదెంత? అందుకే ఫాస్ఫేట్ తక్కువగా ఉండే ట్రిస్ మినిమల్ మీడియం (అత్యవసరమైన పోషకాలే ఉండేది) వాడు. లోహం కలపని ప్లేటు ఒకటి, ఈ.కోలై ప్లేటు ఒకటి ప్రతి బ్యాచ్‌లో ఉండాలి. కాపర్ సల్ఫేట్ కలిపాక పీహెచ్ మళ్లీ చూడు, పడిపోతుంది. వేరే మీడియంలో ఎవరికో వచ్చిన అంకెలతో నీ అంకెలు పోల్చకు.

కాడ్మియం, జింక్, రాగి చాలు. పాదరసం జోలికి పోవద్దు. దాన్ని తట్టుకునే బ్యాక్టీరియా ఎంజైముతో ఆవిరిగా మార్చి బయటికి తోలేస్తుంది. ఆ ఆవిరి పీల్చేది నువ్వే. జింక్, కాడ్మియంలనైతే చాలావరకు కణం పొరలోని ప్రోటీన్ పంపులతో బయటికి తోడి పోస్తాయి. 1976లో బెల్జియంలోని ఒక జింక్ ఫ్యాక్టరీ తొట్టిలో దొరికిన క్యుప్రియావిడస్ మెటాలిడ్యురాన్స్ అనే బ్యాక్టీరియా గురించి చదువు, ఈ పంపుల సంగతి బాగా తెలుస్తుంది.

బతికిన కాలనీలను యాంటీబయాటిక్ డిస్కుల (మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లల) మీద కూడా చూడు. లోహాన్ని తట్టుకునే జన్యువులూ, మందును తట్టుకునేవీ ఒకే ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉండటం మామూలే. కానీ రెండూ కలిసి కనిపించాయని లోహమే కారణమని రాసెయ్యకు. 2007లో పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. అక్కడి వాగులు మంజీరలో కలుస్తాయి, మూసీలో కాదు. అయినా మందులే నేరుగా నీళ్లలో ఉండగలవని గుర్తుంచుకో. మూసీలో ఆస్పత్రుల, ఇళ్ల మురుగు సంగతి సరేసరి.

కాడ్మియం కలిసిన ప్లేట్లు ఆటోక్లేవ్ చేసినా (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపినా) లోహం అలాగే ఉంటుంది. సింకులో పారబోయకు, విడిగా డబ్బాలో దాచి పేరు రాసి పెట్టు. శాంపిల్ మాత్రం శనివారం పట్టకు. ఆదివారం ల్యాబ్‌కు తాళం ఉంటుంది, సోమవారానికి ఆ సీసాలో ఉన్నది నది బ్యాక్టీరియా కాదు.

నీ
మామయ్య